కుర్ట్ మేల్‌హోర్న్ మీద సెమినార్: అవార్డుల లిస్టు కాకుండా ఏం చెప్పొచ్చు?

బొమ్మూరు_బుల్లోడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సీఎస్ఈ ఫైనలియర్ చదువుతున్నాను. మాకు టెక్నికల్ సెమినార్ ఉంది, ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. ఈసారి మా గైడ్ మేడమ్ "ట్యూరింగ్, డైక్‌స్ట్రా, నూత్ వద్దు, ప్రతి ఏడాదీ అవే స్లైడ్లు చూసి విసుగొచ్చింది" అనేశారు. జర్మనీలో ఎంఎస్ కోసం యూనివర్సిటీలు వెతుకుతుంటే జార్లాండ్ యూనివర్సిటీ దగ్గర కుర్ట్ మేల్‌హోర్న్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త పేరు మాటిమాటికీ తగిలింది. ఆ పేరే ఇచ్చేశాను, మేడమ్ కూడా సరే అన్నారు. ఇప్పుడు మొదలైంది టెన్షన్.

ఎక్కడ చూసినా పుట్టిన ఊరు, చదివిన చోటు, పదవులు, బహుమతులు, ఇంతే. అది చదివితే రెండో స్లైడ్‌కే వెనక బెంచీల వాళ్లు ఫోన్లు తీస్తారు. ఆయన చేసిన పనిలో బోర్డు మీద వేసి చూపించగలిగేది ఏమైనా ఉందా? డేటా స్ట్రక్చర్స్, గ్రాఫ్స్ బేసిక్స్ వచ్చు. మ్యాథ్స్ మాత్రం ఓ మోస్తరు. దయచేసి ఎవరైనా చెప్పండి.

పాత_ల్యాబ్_మాస్టారు

బుల్లోడూ, మంచి పేరే పట్టుకున్నావు. చాలా ఏళ్లుగా డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ నడుపుతున్నవాణ్ని, ఈయన మీద నాకు కాస్త అభిమానం ఎక్కువ. ఆ సంగతి ముందే చెప్పి మొదలుపెడుతున్నా.

జీవితం సంగతి రెండు నిమిషాల్లో తేల్చెయ్. 1949లో బవేరియాలోని ఇంగోల్‌స్టాట్‌లో పుట్టారు. ఆడి కార్లు తయారయ్యే ఊరు అది, ఆ ముక్క అంటే నీ ఫ్రెండ్స్ ఒకసారి తలెత్తుతారు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో చదివి, అమెరికాలోని కార్నెల్‌లో రాబర్ట్ కాన్‌స్టబుల్ దగ్గర 1974లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. ఆ తర్వాత జార్లాండ్ యూనివర్సిటీ ఉన్న జార్‌బ్రూకెన్ వచ్చేశారు. 1975లో అక్కడ ప్రొఫెసర్ అయ్యేనాటికి వయసు పాతిక, ఇరవై ఆరు. మన దగ్గర ఆ వయసుకి గెస్ట్ ఫ్యాకల్టీ ఆర్డరు కోసం తిరుగుతుంటాం. 1990లో అదే ఊళ్లో మాక్స్ ప్లాంక్ ఇన్‌ఫర్మాటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది, దాని తొలి డైరెక్టర్ ఆయనే. 2002 నుంచి 2008 దాకా, ఇలాంటి పరిశోధనా సంస్థలెన్నో నడిపే మాక్స్ ప్లాంక్ సొసైటీ మొత్తానికి ఉపాధ్యక్షుడు. బహుమతుల్లో రెండు చాలు: 1986లో జర్మనీ పెద్ద పరిశోధనా బహుమతి లైబ్‌నిట్స్ ప్రైజ్, 2010లో ఏసీఎం (కంప్యూటర్ శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం) వాళ్ల కనెలాకిస్ అవార్డు. ఆ రెండోది లేడా అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీకి (ఎవరైనా తమ ప్రోగ్రాముల్లో వాడుకోగల రెడీమేడ్ కోడ్‌కి) వచ్చింది. నీ సెమినార్ అక్కడ మొదలవ్వాలి.

1970లు, 80లలో మేల్‌హోర్న్ అచ్చమైన థియరీ మనిషి. బైనరీ సెర్చ్ ట్రీల మీద, హ్యాషింగ్ మీద, వీఎల్ఎస్ఐ (చిప్‌ల డిజైన్) మీద పేపర్లు. 1984లో డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్ మీద మూడు సంపుటాల పుస్తకం తెచ్చారు. చాలామంది అక్కడితో ఆగి, మిగతా సర్వీసంతా సన్మానాలు చేయించుకుంటూ గడిపేస్తారు. ఈయనకేమో ఒకటి కనిపించింది: పేపర్లలో ఇన్ని అల్గారిథమ్స్ ఉన్నాయి, బయట ప్రోగ్రాములు రాసేవాళ్లు మాత్రం వాటిని వాడటం లేదు. న్యూమరికల్ లెక్కలకి రెడీమేడ్ లైబ్రరీలు ఉన్నాయి గానీ గ్రాఫ్‌లకి, జామెట్రీకి లేవు. దాంతో 1980ల చివర్లో స్టెఫాన్ నేహర్ అనే తన శిష్యుడితో కలిసి సీ ప్లస్ ప్లస్‌లో లేడా రాయడం మొదలుపెట్టారు. సీ ప్లస్ ప్లస్‌కి అప్పటికి స్టాండర్డ్ లైబ్రరీ అన్నదే లేదు.

ఇక అసలు కథ. గ్రాఫ్‌ని, అంటే చుక్కలనీ వాటిని కలిపే గీతలనీ, కాగితం మీద ఆ గీతలు ఒకదాన్నొకటి దాటకుండా గీయగలిగితే దాన్ని ప్లేనార్ గ్రాఫ్ అంటాం. ఇది కనిపెట్టడానికి హాప్‌క్రాఫ్ట్, టార్జాన్ 1974లో లీనియర్ టైమ్ (గ్రాఫ్ ఎంత పెరిగితే టైమ్ కూడా అంతే పెరిగే) అల్గారిథమ్ ఇచ్చారు. అది కరెక్టని రుజువైంది, అంతా ఒప్పుకున్నదే. దాన్ని లేడాలో కోడ్ చేశారు. 1993లో ఎవరో ఒక గ్రాఫ్ పంపారు, పక్కనే గీతలు దాటకుండా గీసిన బొమ్మ కూడా పెట్టారు. లేడా మాత్రం "ఇది ప్లేనార్ కాదు" అంటోంది! బొమ్మ కళ్లెదురుగా ఉంటే ప్రోగ్రామ్ కాదంటోంది. థియరం తప్పు కాదు, కోడ్‌లో బగ్. దాన్ని పట్టుకోవడానికే కొంత కాలం పట్టింది.

ఇంకొకరైతే బగ్ సరిచేసి, కొత్త వెర్షన్ వదిలి, మర్చిపోయేవారు. వీళ్లు మాత్రం ఆలోచనలో పడ్డారు. ఇంత చిక్కు ప్రశ్నకి ప్రోగ్రామ్ "అవును", "కాదు" అని ఊరుకుంటే వాడేవాడు ఏం చూసి నమ్మాలి? జవాబుతో పాటు సాక్ష్యం కూడా ఇవ్వాలి. ప్లేనార్ అంటావా, ఆ బొమ్మ ఎలా వేయాలో ఇవ్వు. కాదంటావా, ఎందుకు కాదో చూపించు. ఎందుకు కాదో చూపించడానికి కురటోవ్‌స్కీ 1930లోనే దారి వేసిపెట్టాడు. ప్లేనార్ కాని ప్రతి గ్రాఫ్ లోపలా రెండు ఆకారాల్లో ఒకటి దాక్కుని ఉంటుంది. ఒకటి, ఐదు చుక్కల్లో ప్రతిదాన్నీ ప్రతిదానితో కలిపింది. రెండోది, మూడు ఇళ్లకి నీళ్లు, కరెంటు, గ్యాస్ లైన్లు దాటకుండా వేయమని చిన్నప్పుడు పొడుపు ప్రశ్నలా అడిగేవారే, అది. గ్రాఫ్‌లో ఆ ముక్క ఎక్కడుందో వేలుపెట్టి చూపిస్తే చాలు, ఇక వాదన లేదు. వీటికే సర్టిఫయింగ్ అల్గారిథమ్స్ అని పేరు. 2011లో మెక్‌కానెల్, మేల్‌హోర్న్, నేహర్, ష్వైట్జర్ కలిసి దీని మీద పెద్ద వ్యాసం రాశారు.

బోర్డు మీదకి రెండు ఉదాహరణలు ఇస్తా.

ఒకటి, గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం). 1071, 462ల గసాభా 21 అని ప్రోగ్రామ్ చెప్పింది. నమ్మడం ఎలా? 21 రెండింటినీ భాగిస్తుందని చూడటం తేలిక: 51 సార్లు, 22 సార్లు. కానీ అంతకన్నా పెద్దది లేదని ఏమిటి గ్యారంటీ? ప్రోగ్రామ్ ఇంకో రెండు అంకెలు కూడా ఇవ్వాలి: 7, మైనస్ 3. ఎందుకంటే 7 × 462 − 3 × 1071 = 3234 − 3213 = 21. ఆ రెండు సంఖ్యల్నీ భాగించేది ఏదైనా ఈ ఎడమవైపుని భాగించి తీరాలి, అంటే 21ని కూడా భాగించాలి. కాబట్టి 21 కన్నా పెద్దది ఉండదు. యూక్లిడ్ పద్ధతి తెలియని ఇంటర్ కుర్రాడు కూడా గుణించి సరిచూసుకోవచ్చు.

రెండు, గొడవలున్న వాళ్లని రెండు టీములుగా విడగొట్టడం. అ, ఆ, ఇ, ఈ, ఉ అని ఐదుగురు. అ-ఆ, ఆ-ఇ, ఇ-ఈ, ఈ-ఉ, ఉ-అ మధ్య పడదు. పడనివాళ్లు ఒకే టీములో ఉండకూడదు. ప్రోగ్రామ్ "కుదరదు" అంటే సరిపోదు, ఆ ఐదుగురి చక్రాన్ని బయటికి తీసి ఇవ్వాలి. బేసి సంఖ్య చక్రంలో టీములు మార్చుకుంటూ వెళితే చివరివాడు మొదటివాడి టీములోనే తేలతాడు. క్లాసులో ఐదుగురిని నిలబెట్టి చెయ్యి, రక్తి కడుతుంది.

నా ల్యాబ్‌లో కూడా ఇదే అమలు చేస్తున్నా. సార్టింగ్ (అంకెల్ని వరసలో పెట్టే) ప్రోగ్రామ్ తెచ్చినవాడు పక్కన దాని జవాబుని సరిచూసే చెకర్ కూడా తేవాలి. ఒక ప్రబుద్ధుడి ప్రోగ్రామ్ ఏ ఇన్‌పుట్ ఇచ్చినా అన్నీ సున్నాలే ప్రింట్ చేసింది. వాడి చెకర్ "వరస సరిగ్గా ఉంది" అంది. ఉంటుంది మరి! వరసతో పాటు, ఇచ్చిన అంకెలే తిరిగొచ్చాయా అని కూడా చూడాలని ఆ రోజు బ్యాచ్ మొత్తానికి ఎక్కింది. రికార్డు బుక్కులో పది పేజీలు రాయించినా అంతగా ఎక్కేది కాదు.

రాత్రి_డిప్లాయ్‌మెంట్

మాస్టారూ, చదవడానికి బాగుంది గానీ రెండు డౌట్లు. పన్నెండేళ్లుగా ప్రొడక్షన్ సపోర్టులో నలిగినవాడి డౌట్లు, ఏమనుకోవద్దు.

మొదటిది, చెకర్ రాసేది కూడా మనమే కదా? అందులో బగ్ ఉంటే దానికో చెకర్, దానికి ఇంకో చెకరా? రెండోది, లేడా ఇప్పుడు ఎవరు వాడుతున్నారు? నా చుట్టుపక్కల అందరూ బూస్ట్ లైబ్రరీ అంటారు, జామెట్రీ కావాలంటే సీగాల్ లైబ్రరీ అంటారు. డబ్బులు పెట్టి లైసెన్సు కొనమంటే మా మేనేజర్ ఆ మెయిల్ తెరవనైనా తెరవడు.

పాత_ల్యాబ్_మాస్టారు

రెండోది ముందు. ఒప్పుకుంటా. 1995లో లేడా కోసం అల్గారిథమిక్ సొల్యూషన్స్ అని కంపెనీ పెట్టారు, లైసెన్సులు అమ్మారు. అందరికీ ఉచితంగా ఇచ్చేసి ఉంటే ఇంకా ఎక్కువ దూరం వెళ్లేదని నా అభిప్రాయం. కానీ మీరన్న సీగాల్ ఎక్కడి నుంచి వచ్చిందనుకుంటున్నారు? 1990ల మధ్యలో యూరప్‌లోని కొన్ని సంస్థలు కలిసి మొదలుపెట్టిన ప్రాజెక్టు అది, జార్‌బ్రూకెన్ మాక్స్ ప్లాంక్ అందులో ఒకటి. లేడా పడ్డ తిప్పలు దానికి పాఠాలయ్యాయి.

ఆ తిప్పల్లో ఒకటి బుల్లోడికి కూడా పనికొస్తుంది. మూడు బిందువులు ఇచ్చి, మూడోది మొదటి రెండిటినీ కలిపే గీతకి ఎడమవైపా, కుడివైపా, గీత మీదా అని అడగడం జామెట్రీ ప్రోగ్రాములన్నిటికీ పునాది. (12, 12), (24, 24) తీసుకుని, (0.5, 0.5) దగ్గర అతి సూక్ష్మమైన అడుగులతో మూడో బిందువుని కదుపుతూ మామూలు డబుల్‌తో (దశాంశాల్ని కొన్ని అంకెల దగ్గర ఆపేసే కంప్యూటర్ లెక్కతో) లెక్క కట్టించారు. ఎంత సూక్ష్మమంటే ఒక్కో అడుగు 2కి మైనస్ 53వ ఘాతం. ఎడమ, కుడి, మధ్య అని మూడు రంగులు వేస్తే గీతకి ఇటో రంగు, అటో రంగు, మధ్యలో సన్నటి గీత రావాలి. వచ్చింది మాత్రం రంగులు కలగాపులగమైపోయిన బొమ్మ. కుడివైపు ఉండాల్సింది ఎడమ అంటుంది. ఈ చిన్న అబద్ధం మీద నడిచిన కాన్వెక్స్ హల్ (బిందువులన్నిటి చుట్టూ దారం బిగించినట్టు హద్దు గీసే) ప్రోగ్రామ్, ఎక్కడో దూరంగా కళ్లకి కొట్టొచ్చినట్టున్న బిందువుని కూడా బయటే వదిలేయగలదు. 2004లో కెట్నర్, మేల్‌హోర్న్, పియోన్, షిరా, యాప్ ఇవన్నీ బొమ్మలతో సహా చూపించారు. పరిష్కారం కూడా చక్కనిది: ముందు డబుల్‌తోనే వేగంగా లెక్క కట్టు, జవాబు సున్నాకి మరీ దగ్గరగా వచ్చి అనుమానం వస్తేనే కచ్చితమైన అంకగణితంలోకి వెళ్లు. ఎక్కువసార్లు ఆ అవసరమే రాదు కాబట్టి వేగం పెద్దగా తగ్గదు.

ఇప్పుడు చెకర్ సంగతి. గసాభా చెకర్ అంటే రెండు గుణకారాలు, ఒక తీసివేత, రెండు భాగహారాలు. ప్లేనారిటీ కోడ్ మాత్రం పెద్ద అడవి. అడవంతా గాలించడం కన్నా నాలుగు లైన్లు సరిచూడటం తేలిక కదా. ఆ నాలుగు లైన్లని కూడా వదలకుండా, మేల్‌హోర్న్ 2011లో అల్కసర్, బోమె, రిజ్‌కల్లాలతో కలిసి చెకర్లనే కంప్యూటర్‌తో గణితపరంగా రుజువు చేయించే పని చేశారు, ఇసబెల్ అనే ప్రూఫ్ సాఫ్ట్‌వేర్ సాయంతో. గొలుసు అక్కడ ఆగుతుంది.

మీరు అడగని మూడో డౌట్ నేనే చెబుతా: అన్నిటికీ ఇలా చిన్న సాక్ష్యం దొరకదు. ట్రావెలింగ్ సేల్స్‌మన్ లెక్క తీసుకోండి, అన్ని ఊళ్లూ ఒక్కోసారి తిరిగి ఇంటికి చేరే అతి పొట్టి దారి వెతకడం. ఇదిగో దారి, ఇంత పొడవు అంటే కూడి చూడొచ్చు. ఇంతకన్నా పొట్టిది లేదు అంటే ఏం చూపిస్తారు? అక్కడ ఈ మందు పనిచేయదు.

రాత్రి_డిప్లాయ్‌మెంట్

ఆ డబుల్ ముక్క మాత్రం గుండెకి తగిలింది మాస్టారూ. డెలివరీ ఏరియా లోపలా బయటా అని తేల్చే కోడ్ మాకొకటి ఉంది, బోర్డర్ మీదున్న ఇళ్లకి ఆర్డర్ ఒకరోజు వెళ్తుంది, ఒకరోజు వెళ్లదు. రేపు చూస్తా.

జార్_ఒడ్డున

తమ్ముడూ, నేను మాస్టర్స్‌కి ఇక్కడికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఊరి గురించి ఒక స్లైడ్ పెట్టు, ఎందుకంటే ఈ కథ మ్యూనిక్‌లోనో బెర్లిన్‌లోనో జరిగి ఉంటే ఇంత ఆశ్చర్యం ఉండేది కాదు. జార్లాండ్ అంటే బొగ్గు గనులు, ఉక్కు ఫ్యాక్టరీలు. యుద్ధం తర్వాత కొన్నేళ్లు ఫ్రాన్స్ చేతి కింద ఉండి, 1957లో గానీ పశ్చిమ జర్మనీలో కలవలేదు. యూనివర్సిటీ కూడా 1948లో ఫ్రెంచి వాళ్ల సాయంతో పెట్టిందే. ఇప్పటికీ ట్రామ్ ఎక్కి కూర్చుంటే సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లో దిగొచ్చు. చివరి బొగ్గు గని 2012లో మూతపడింది. క్యాంపస్ ఊరికి కాస్త ఎడంగా అడవి మధ్యలో ఉంటుంది. మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఆ క్యాంపస్‌లోనే.

ఇంకో స్లైడ్ శిష్యుల మీద. సుజానె ఆల్బర్స్ ఆయన దగ్గరే 1993లో పీహెచ్‌డీ చేశారు. గురువుకి వచ్చిన లైబ్‌నిట్స్ ప్రైజ్ 2008లో ఆవిడకీ వచ్చింది. హన్నా బాస్ట్ కూడా ఆయన స్టూడెంటే. తర్వాత గూగుల్‌లో కొంతకాలం ఉండి, బస్సులూ రైళ్లూ మారుతూ వెళ్లే దారుల్ని వేగంగా వెతికే పద్ధతి మీద పనిచేశారు. మ్యాప్స్‌లో బస్సు గుర్తు నొక్కితే వచ్చే జవాబు వెనక ఆ పని ఉంది. మీ క్లాసులో అమ్మాయిలు ఉంటే ఈ ఇద్దరి పేర్లు తప్పకుండా చెప్పు.

ఎంఎస్ సంగతి వేరే థ్రెడ్‌లో అడుగు. ఒక్కటి మాత్రం ఇక్కడే చెప్తున్నా, ఇక్కడ థియరీ సబ్జెక్టులు బాగా గట్టిగా ఉంటాయి. "కోడింగ్ వస్తే చాలు" అనుకుని వచ్చినవాళ్లు మొదటి సెమిస్టర్‌లో ప్రూఫ్‌లు రాయలేక ఏడవడం చూశాను.

గచ్చిబౌలి_గ్రాఫ్

మాస్టారు చెప్పనివి రెండు. 2000లో జపాన్‌లో నకగాకి బృందం ఫైసారమ్ అనే బంకబూజుని చిట్టడవిలాంటి పెట్టెలో పెట్టి, రెండు కొసల్లో ఓట్స్ పెట్టింది. అది అన్ని దారుల్లోకీ పాకి, కొన్ని గంటల్లో మిగతావన్నీ వదిలేసి అతి పొట్టి దారిలోనే మిగిలింది. మెదడు లేదు, నరాలు లేవు. ఎక్కువ ద్రవం పారే గొట్టం లావెక్కుతుంది, తక్కువ పారేది సన్నబడుతుంది, అంతే. ఈ లెక్క ఏ గ్రాఫ్ మీదైనా నిజంగా షార్టెస్ట్ పాత్‌కే చేరుతుందా? చేరుతుందని 2012లో బొనిఫాచి, మేల్‌హోర్న్, గిరీష్ వర్మ రుజువు చేశారు. గిరీష్ వర్మ తర్వాత మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో అధ్యాపకులయ్యారు.

రెండోది, తెలికేపల్లి కవిత. ముంబయిలోని టాటా పరిశోధనా సంస్థ టీఐఎఫ్ఆర్‌లో ప్రొఫెసర్. మేల్‌హోర్న్, అబ్రహామ్, ఇర్వింగ్‌లతో కలిసి "పాపులర్ మ్యాచింగ్స్" మీద రాసిన పేపర్ చాలా ప్రసిద్ధం. సీట్ల పంపకం అనుకో. ఇంకో పంపకానికి మారదామా అని ఓటింగ్ పెడితే, మారదాం అనేవాళ్లు వద్దనేవాళ్ల కన్నా ఎక్కువ కాకూడదు. ముగ్గురు, మూడు సీట్లు, ముగ్గురికీ ఒకే ఇష్టాల వరస అయితే ఇలాంటి పంపకమే ఉండదు. ఎలా పంచినా, రెండో సీటు వాడిని మొదటికి, మూడో వాడిని రెండుకి జరిపి, మొదటివాడిని చివరికి తోస్తే ఇద్దరు సై అంటారు, ఒక్కడే ఏడుస్తాడు. ఇది కూడా బోర్డు సరుకే.

బొమ్మూరు_బుల్లోడు

అందరికీ చాలా థాంక్స్ అండీ. ఇప్పుడు సరుకు ఎక్కువైపోయింది! నా ప్లాన్: ఊరూ జీవితం మూడు నిమిషాలు, 1993 బగ్ కథ, గసాభా, ఐదుగురి ఆట, చివర్లో శిష్యులు. బంకబూజు పెట్టాలా వద్దా? ఇంకోటి, ఆయన ఇప్పుడు రిటైర్ అయిపోయారా?

పాత_ల్యాబ్_మాస్టారు

డైరెక్టర్ పదవి 2019లో వదిలారు, పని వదల్లేదు. 2020లో భాస్కర్ రే చౌధురి, జుగల్ గార్గ్‌లతో కలిసి పంపకాల మీద ఒక పేపర్ వచ్చింది. కోసి పంచలేని వస్తువులు, బీరువా, సైకిల్, ఇత్తడి బిందె లాంటివి, ముగ్గురికి పంచాలి. ఒకరి వాటా చూసి ఇంకొకరు కుళ్లుకున్నా, ఆ వాటాలోంచి ఏ ఒక్క వస్తువు తీసేసినా, అది ఎంత చిన్నదైనా సరే, కుళ్లు పోవాలి. ముగ్గురి విలువలు ఎలా ఉన్నా, విలువలు కూడుకునే రకమైతే, అలాంటి పంపకం ఒకటి ఉండి తీరుతుందని రుజువు చేశారు. డెబ్బై ఏళ్ల మనిషి, పిహెచ్‌డీ కుర్రాడితో కూర్చుని చేసిన పని. చివరి స్లైడ్ ఇది పెట్టు, బంకబూజు తీసెయ్. బొమ్మ బాగుంటుంది గానీ రుజువు అడిగితే డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో ఇరుక్కుంటావు. ఎవరైనా ప్రశ్న వేస్తే అప్పుడు చెప్పు.

ఇంకొకటి. గసాభా చూపించాక మీ మేడమ్ తప్పకుండా "ఆ 7, మైనస్ 3 ఎక్కడివి?" అంటారు. భాగహారాలు వరసగా రాసుకుని సిద్ధంగా ఉండు: 1071లోంచి రెండు 462లు తీస్తే 147. 462లోంచి మూడు 147లు తీస్తే 21. మొదటిదాన్ని రెండోదాంట్లో పెట్టి విప్పితే వచ్చేస్తాయి. అది స్లైడ్ మీద వద్దు, చాక్‌పీస్ పట్టుకుని చెయ్.